టైర్ల ఎంపిక (రహదారి, మట్టిబాట)

ఒకే వాహనం ప్రతిదినం తారురోడ్డుపైన నడుస్తూ, అవసరం వచ్చినపుడు మట్టిబాట, పొలంగట్టు, వాగు, అడవిదారి వంటి కచ్చా మార్గాలలో కూడా నడవవలసి వచ్చినపుడు దానికి తగిన టైర్లను నిర్ణయించుకోవడం వాహన వినియోగంలో ఒక ముఖ్యమైన అంశం. ఇటువంటి ఉభయ ప్రయోజన టైర్లను ఆల్ టెర్రెయిన్ టైర్లు అనీ, సంక్షిప్తంగా ఏ.టి. టైర్లు అనీ వ్యవహరిస్తారు. తారురోడ్డుకు కావలసిన గుణాలూ, బురదకూ రాళ్ళకూ కావలసిన గుణాలూ చాలావరకు పరస్పర విరుద్ధమైనవి. కావున అన్నిచోట్లా అత్యుత్తమంగా పనిచేసే టైరు ఏదీ లేదు. వాహనం ఏ నేలపై ఎంత దూరం తిరుగుతుందో లెక్క వేసుకొని, దానికి అనుగుణంగా రాజీ కుదుర్చుకోవడమే ఎంపిక.

దక్షిణ తెలంగాణ పీఠభూమిలోని పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాంతం ఈ సమస్యకు మంచి ఉదాహరణ. ఇక్కడ జాతీయ రహదారికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఎర్రచల్కలు, నల్లరేగళ్ళు, గ్రానైటు గుట్టలు, కాలువగట్లు, నల్లమల అడవి ఎదురవుతాయి.

ప్రాంత నేపథ్యం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ వంటి కొన్ని ప్రాంతాలు పొరుగు జిల్లాలలో కలిశాయి.

ఈ ప్రాంతం గుండా నాలుగు ముఖ్యమైన జాతీయ రహదారులు వెళ్తాయి.

* 44వ నెంబరు రహదారి (పూర్వపు 7వ నెంబరు): హైదరాబాదు నుండి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలు వైపు.
* 65వ నెంబరు రహదారి (పూర్వపు 9వ నెంబరు): హైదరాబాదు నుండి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వైపు.
* 765వ నెంబరు రహదారి: హైదరాబాదు నుండి కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వైపు.
* 167వ నెంబరు రహదారి: రాయచూరు వైపు నుండి మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు.

ఒక పాల వ్యాపారి, పశువైద్యుడు, విత్తనాల వర్తకుడు లేదా రైతు వాహనం ఉదయం ఈ రహదారులపై గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్ళి, మధ్యాహ్నానికి బండ్లబాటలోనో చెరువుకట్టపైనో ఉండవచ్చు. వేగంగా వెళ్ళే దారిలో బ్రేకు పట్టుకోవాలి. నెమ్మదిగా వెళ్ళే బాటలో చక్రం దిగబడకుండా, టైరు కోసుకుపోకుండా ఉండాలి. ఈ రెండు అవసరాలలో మొదటిది ప్రాణానికి సంబంధించినది, రెండవది ఎక్కువగా సమయానికీ ఖర్చుకూ సంబంధించినది. టైర్లను ఎంచుకొనేటపుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

చరిత్ర

గాలి నింపిన చక్రానికి మొదటి పేటెంటును స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో పొందాడు. అది అంతగా వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం తయారుచేసిన గాలిటైరుతో ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొందింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన జీపులకు 6.00-16 పరిమాణం గల, లోతైన గాళ్ళున్న టైర్లను అమర్చేవారు. మనదేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టిన తరువాత జీపు గ్రామీణ మార్గాలకు పరిచితమైనది. రహదారి, కచ్చాబాట రెంటికీ ఉద్దేశించిన రేడియల్ టైరును అమెరికాకు చెందిన బి.ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థ 1976లో విడుదల చేసింది. తరువాత దాదాపు అన్ని పెద్ద సంస్థలూ ఈ తరగతి టైర్లను తయారుచేయసాగాయి. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. సంస్థకు టైర్ల కర్మాగారం ఉన్నది.

పల్లెలలో ఈ మార్పు మోటారు వాహనాలకంటె ముందు ఎడ్లబండితోనే కనిపించింది. ఇనుప పట్టా వేసిన కొయ్యచక్రం మెత్తని నేలలో లోతుగా దిగబడుతుంది, గట్టి రోడ్డును కోస్తుంది. దాని స్థానంలో రబ్బరు చక్రాల టైరుబండి వచ్చినపుడు అవే ఎడ్లు ఎక్కువ బరువును సులువుగా లాగగలిగాయి. బరువు ఎక్కువ వైశాల్యంపై పరచుకోవడమే దీనికి కారణం. ఈనాటి ఉభయ ప్రయోజన టైరు వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

టైరు నిర్మాణం

టైరులో ముఖ్యమైన భాగాలు నాలుగు.

* ట్రెడ్: నేలకు తగిలే భాగం. దీనిపై ఉన్న రబ్బరు గడులను వాడుకలో బటన్లు అనీ, మధ్యనున్న ఖాళీలను గాళ్ళు అనీ అంటారు.
* పక్కగోడ: ట్రెడ్‌కూ రిమ్ముకూ మధ్య భాగం. కుదుపును ఇది పీల్చుకుంటుంది. రాళ్ళ బాటలో ఎక్కువగా దెబ్బతినేది కూడా ఇదే.
* కార్కస్: రబ్బరు లోపల నైలాన్, పాలియెస్టర్ లేక ఉక్కు దారాలతో అల్లిన పొరలు. ఈ పొరలు చక్రానికి ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ ఉంటే దానిని బయాస్ ప్లై టైరు అంటారు. అంగళ్ళలో దీనిని నైలాన్ టైరు అని పిలవడం కద్దు. పొరలు అంచు నుండి అంచుకు నేరుగా ఉండి, ట్రెడ్ క్రింద ఉక్కు పట్టీలు ఉంటే అది రేడియల్ టైరు.
* బీడ్: రిమ్మును పట్టి ఉంచే ఉక్కుతీగల అంచు.

రేడియల్ టైరు రహదారిపై తక్కువగా వేడెక్కుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. బయాస్ ప్లై టైరు పక్కగోడ మందంగా ఉంటుంది కాబట్టి రాళ్ళదెబ్బలను బాగా ఓర్చుకుంటుంది, కాని వేగంలో త్వరగా వేడెక్కుతుంది. ఒకే వాహనానికి ఈ రెండు రకాలనూ కలిపి వాడరాదు.

రకాలు

ట్రెడ్ స్వరూపాన్ని బట్టి జీపు తరగతి వాహనాల టైర్లను మూడు రకాలుగా విభజిస్తారు.

1. హైవే టైర్లు (హెచ్.టి.): గాళ్ళు సన్నగా ఉంటాయి, నేలకు తగిలే రబ్బరు ఎక్కువ. గాళ్ళ లోతు సుమారు 8 మి.మీ. శబ్దం తక్కువ, తడిరోడ్డుపై బ్రేకు పట్టు ఎక్కువ, ఇంధనం ఆదా. బురదలో గాళ్ళు వెంటనే పూడిపోతాయి.
2. ఆల్ టెర్రెయిన్ టైర్లు (ఏ.టి.): గడులు పెద్దవి, గాళ్ళు వెడల్పు, లోతు సుమారు 10 నుండి 12 మి.మీ. గడులపై సన్నని చీలికలు ఉంటాయి. ఇవి తడిరోడ్డుపై పట్టును కొంతవరకు కాపాడుతాయి.
3. మడ్ టెర్రెయిన్ టైర్లు (ఎం.టి.): గడులు చాలా పెద్దవి, దూరదూరంగా ఉంటాయి. చక్రం తిరిగినపుడు బురద విసిరివేయబడి గాళ్ళు ఖాళీ అవుతాయి. తారురోడ్డుపై రొద ఎక్కువ, తడిలో బ్రేకు దూరం ఎక్కువ, అరుగుదల త్వరితం.

మొదటి రకం నుండి మూడవ రకానికి వెళ్ళేకొద్దీ రబ్బరుకూ తారుకూ మధ్య తాకిడి వైశాల్యం తగ్గుతుంది. పెద్ద గడులు బ్రేకు వేసినపుడు అటూఇటూ వంగుతాయి. టైరు బరువు, దొర్లుడు నిరోధం పెరగడం వల్ల ఇంధన వ్యయం కూడా పెరుగుతుంది. లోతైన గాళ్ళు చూసి టైరు అన్నిచోట్లా పట్టు ఇస్తుందని భావించడం పొరపాటు. వాన కురిసిన తారురోడ్డుపై మామూలు కారు టైరు కంటె బురద టైరు తొందరగా జారవచ్చు.

నేలలు - తగిన టైర్లు

ఎర్రచల్క: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో విస్తారంగా ఉన్న నేల. గ్రానైటు, నైస్ శిలలు శిథిలమై ఏర్పడినది. ఇసుకపాలు ఎక్కువ కావడం వల్ల నీరు త్వరగా ఇంకిపోతుంది. వాన వెలిసిన కొన్ని గంటలకే బాట గట్టిపడుతుంది. ఇటువంటి నేలపై సాధారణ ఏ.టి. టైరు సరిపోతుంది. పొడిరోజులలో హెచ్.టి. టైరుతో కూడా పని జరుగుతుంది.

మొరం బాట: గ్రామాలను కలిపే అనేక దారులపై మొరం పరుస్తారు. ఎండాకాలంలో పైన వదులుగా ఉన్న గులకలు గోళీలవలె దొర్లి చక్రాన్ని జార్చుతాయి. ఇక్కడ టైరు రకం కంటె వేగం తగ్గించడం ముఖ్యం.

నల్లరేగడి: కృష్ణా, తుంగభద్రా నదుల నడుమనున్న గద్వాల, అలంపూర్ ప్రాంతమైన నడిగడ్డలోనూ, మక్తల్ వైపునా ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులోని బంకమన్ను తడిసినపుడు ఉబ్బి, జిగురుగా మారి గాళ్ళను పూర్తిగా మూసివేస్తుంది. అప్పుడు ఏ టైరైనా నున్నని టైరుతో సమానమే. ఏ.టి. టైరుతో తడిరేగడిలోకి దిగడం కంటె నేల ఆరేవరకు ఆగడమో, చుట్టుదారిలో వెళ్ళడమో మంచిది. తరచుగా దిగక తప్పనివారికి ఎం.టి. టైరు లేదా ట్రాక్టరు మాత్రమే మార్గం.

ఆయకట్టు బురద: నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరిసాగు కాలంలో పొలంబాటలు నెలల తరబడి తడిగా ఉంటాయి. కాలువగట్టుపై వాహనం పక్కకు జారితే నీటిలో పడే ప్రమాదం ఉన్నది. ముందు చక్రాల పట్టు ఇక్కడ చాలా అవసరం, కావున అరిగిన టైర్లతో గట్టు ఎక్కరాదు.

ఇసుక: మూసీ, డిండి వంటి నదుల లోనూ, వాగులలోనూ ఎదురవుతుంది. ఇసుకలో లోతైన గడులు నేలను తవ్వుతాయి, చక్రం పాతుకుపోతుంది. గాలి తగ్గించిన వెడల్పాటి టైరు ఇసుకపై తేలినట్లు నడుస్తుంది.

గ్రానైటు రాళ్ళు: గుట్టల అంచులలోనూ క్వారీల పరిసరాలలోనూ పదునైన రాతిపెళ్ళలు ఉంటాయి. ఇవి పక్కగోడను చీలుస్తాయి. పక్కగోడలో అదనపు పొర ఉన్న టైర్లను ఇటువంటి చోట ఎంచుకోవాలి. పక్కగోడకు పడిన చీలికను పంక్చరువలె అతికించి వాడటం ప్రమాదకరం.

నల్లమల: మన్ననూరు, ఫర్హాబాద్ ప్రాంతాలు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్నాయి. శ్రీశైలం రహదారి చక్కని తారురోడ్డే కాని, చెంచు పెంటలకు వెళ్ళే దారులు రాళ్ళతోనూ వేళ్ళతోనూ నిండి ఉంటాయి. అడవి లోపలి దారులలోకి అటవీశాఖ అనుమతి లేనిదే వాహనాలు వెళ్ళరాదు. పంక్చరు దుకాణాలు దూరం కాబట్టి అదనపు చక్రం, అనగా స్టెప్నీ, మిగిలిన నాలుగింటితో సమానమైన పరిమాణంలోనూ స్థితిలోనూ ఉండటం ఇక్కడ అత్యవసరం. స్టెప్నీ అనే మాట వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధిలో వెలసిన చక్రాల సంస్థ పేరు నుండి వచ్చింది.

టైరుపై ఉన్న వ్రాత

టైరు పక్కగోడపై అంకెలు, అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 215/75 ఆర్ 15 100 ఎస్ అని ఉన్నదనుకొందాము.

* 215 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో.
* 75 అనగా పక్కగోడ ఎత్తు వెడల్పులో 75 శాతం. అంటే సుమారు 161 మి.మీ.
* ఆర్ అనగా రేడియల్ నిర్మాణం.
* 15 అనగా రిమ్ము వ్యాసం అంగుళాలలో. అంటే 381 మి.మీ.
* 100 అనగా భార సూచిక. ఈ అంకెకు ఒక్కొక్క టైరు మోయగల గరిష్ఠ భారం 800 కిలోలు.
* ఎస్ అనగా వేగ సూచిక. గరిష్ఠంగా గంటకు 180 కి.మీ. క్యూ అయితే 160, టి అయితే 190, హెచ్ అయితే 210 కి.మీ.

వీటితోపాటు తయారైన తేదీని తెలిపే నాలుగు అంకెలు ఉంటాయి. 3522 అని ఉంటే 2022వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. వాడకపోయినా రబ్బరు కాలక్రమంలో గట్టిపడి పగుళ్ళిస్తుంది. కొనేటపుడు ఈ తేదీని తప్పక చూడాలి. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే వాహనాలకు గాళ్ళు లోతుగానే ఉన్నా టైరు వయసు మీరి ఉండవచ్చు.

టైర్ల జత నేలను బట్టి మారినా, భార సూచిక మాత్రం వాహన తయారీదారు సూచించినదానికంటె తగ్గరాదు. సరుకు వాహనాలకు ఇది మరీ ముఖ్యం.

పరిమాణం మార్చడం

నేలకూ వాహనపు అడుగుభాగానికీ మధ్య ఎడం పెరగడానికి కొందరు పెద్ద టైర్లను అమర్చుకుంటారు. దీని ఫలితాలను లెక్కతో తెలుసుకోవచ్చు.

215/75 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం 381 + 161.25 + 161.25 = 703.5 మి.మీ. దీనికి బదులు 235/75 ఆర్ 15 వేస్తే పక్కగోడ 176.25 మి.మీ., వ్యాసం 733.5 మి.మీ. వ్యాసం 30 మి.మీ. పెరిగినా ఇరుసు నేల నుండి లేచేది అందులో సగమే, అంటే 15 మి.మీ. వ్యాసం సుమారు 4.3 శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటరు చూపే వేగం కంటె అసలు వేగం అంతమేరకు పెరుగుతుంది. మీటరు 80 చూపేచోట అంతకుముందు సరిగ్గా 80 వెళ్తుంటే, ఇప్పుడు 83 కి.మీ. దాటి వెళ్తుంది. ఇంజను లాగుడు, బ్రేకు సామర్థ్యం తగ్గుతాయి. చక్రం తిప్పినపుడు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు.

నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందే వాహనాలలో నాలుగు టైర్లూ ఒకే వ్యాసంతో ఉండాలి. లేనిచో గేరుపెట్టెపై అనవసరమైన ఒత్తిడి పడుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ విభాగం వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది. తయారీదారు అనుమతించిన పరిమాణాల పట్టిక వాహనపు పుస్తకంలో ఉంటుంది. దానిని దాటకపోవడమే క్షేమం.

గాలి ఒత్తిడి

ఒకే టైరును రెండు రకాల నేలలకు అనువుగా మార్చగల సాధనం గాలి ఒత్తిడి. చక్రంపై పడే బరువును ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే వైశాల్యం స్థూలంగా తెలుస్తుంది. ఒక చక్రంపై 500 కిలోల బరువు ఉన్నదనుకొందాము. 32 పి.ఎస్.ఐ. ఒత్తిడి అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. వైశాల్యం సుమారు 222 చ.సెం.మీ. ఒత్తిడిని 20 పి.ఎస్.ఐ.కి తగ్గిస్తే వైశాల్యం సుమారు 355 చ.సెం.మీ. అవుతుంది. పక్కగోడ కూడా కొంత బరువును మోస్తుంది కాబట్టి వాస్తవంలో పెరుగుదల ఇంతకంటె కొంత తక్కువగా ఉంటుంది. అయినా ఇసుకలో దిగబడిన వాహనం గాలి తగ్గించగానే బయటకు రావడానికి ఇదే కారణం.

అయితే గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. ఆ స్థితిలోనే తిరిగి రహదారి ఎక్కి వేగంగా వెళ్తే పొరలు విడిపోయి టైరు పేలవచ్చు. వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, తారు ఉపరితలం అంతకంటె చాలా వేడిగా ఉంటుంది. కాబట్టి ఇసుకకోసం గాలి తగ్గించేవారు గాలిపంపును, ఒత్తిడి చూసే గేజీని వాహనంలోనే ఉంచుకోవాలి. గాలి తగ్గించినపుడు వేగంగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుండి ఊడివచ్చే అవకాశం కూడా ఉన్నది.

ఒత్తిడిని ఉదయం వేళ, టైరు చల్లగా ఉన్నపుడు చూడాలి. ప్రతి 10 డిగ్రీల ఉష్ణోగ్రతకు ఒత్తిడి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగుతుంది. ఎండలో వేడెక్కిన టైరులో ఒత్తిడి ఎక్కువగా చూపుతున్నదని గాలి తీసివేస్తే, చల్లబడిన తరువాత అది ఉండవలసినదానికంటె తగ్గిపోతుంది. "ఎండాకాలం గాలి తక్కువ కొట్టించాలి" అనే నమ్మకం సరైనది కాదు. తయారీదారు సూచించిన ఒత్తిడిలో ఈ పెరుగుదల ముందే లెక్కించబడి ఉంటుంది.

ముళ్ళు, పంక్చర్లు

ఈ ప్రాంతపు బాటలలో టైర్లకు ప్రధాన శత్రువు ముల్లు. చెరువుల శిఖాలలో, బాటల పక్కన దట్టంగా పెరిగే సర్కారు తుమ్మ, నల్లతుమ్మ ముళ్ళు, పొలాలకు కంచెగా వేసిన ముళ్ళకంప ఎండి గట్టిపడి రబ్బరులో దిగుతాయి. ట్యూబు ఉన్న టైరులో గాలి వెంటనే పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు చుట్టూ రబ్బరు బిగుసుకొని గాలి నెమ్మదిగా పోతుంది కాబట్టి వాహనం అదుపులో ఉంటుంది. అటువంటపుడు మరమ్మతు చేసేవరకు ముల్లును పెరకకుండా ఉంచాలి.

మందమైన ట్రెడ్ గల ఏ.టి. టైరుకు ముళ్ళ బాధ తక్కువ. అరిగిన హెచ్.టి. టైరుకు ఎక్కువ. అడవిదారి నుండి బయటకు వచ్చిన తరువాత నాలుగు టైర్లనూ చేతితో తడిమి, గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళనూ ముళ్ళనూ చూసుకోవడం మంచి అలవాటు.

ద్విచక్ర వాహనాలు

పల్లెలలో పొలానికీ పట్టణానికీ ఎక్కువగా వాడేది మోటారుసైకిలు, మోపెడ్. గడులున్న వెనుక టైరును బటన్ టైరు అని వ్యవహరిస్తారు. మెత్తని నేలలో ఇది ఉపయోగకరం. వేగంగా వెళ్ళే మోటారుసైకిలు మలుపులో వంగినపుడు బటన్ల అంచులే నేలను తాకుతాయి కాబట్టి తారుపై పట్టు తగ్గుతుంది. రోజూ రహదారిపై తిరిగేవారు దగ్గర దగ్గరగా గడులున్న మధ్యరకం టైరును ఎంచుకోవడం మంచిది. ముందు చక్రానికి నిలువు గాళ్ళున్న రిబ్ టైరు, వెనుక చక్రానికి గడుల టైరు అనే పాత పద్ధతికి కారణం ఉన్నది. ముందు చక్రం దిశను నిలుపుతుంది, వెనుక చక్రం నెట్టుతుంది.

ట్రాక్టర్లు, ఇనుప చక్రాలు

ట్రాక్టరు వెనుక టైరుపై ఏటవాలుగా ఉండే లోతైన గాళ్ళు పొలం కోసం రూపొందించినవి. ట్రాలీ లాగుతూ రోడ్డుపై ఎక్కువగా తిరిగే ట్రాక్టరుకు ఇవి త్వరగా అరిగిపోతాయి. వెనుక టైరును వెనుకనుండి చూసినపుడు గడుల కొనలు పైకి చూపాలి. తిరగవేసి అమర్చితే బురదలో లాగుడు తగ్గుతుంది.

వరిమడిని బురదగా దున్నేటపుడు వెనుక చక్రాలకు కేజి వీల్స్ అనే ఇనుప చట్రాలను అమర్చుతారు. బురదలో ఇవి సాటిలేనివి. వాటిని విప్పకుండా తారురోడ్డు ఎక్కితే ప్రతి ఇనుప పట్టీ రోడ్డును గంటుకొడుతుంది. ఆ గంట్లలో నీరు నిలిచి రోడ్డు పాడవుతుంది. అందువల్ల నాట్ల కాలంలో పోలీసు, రోడ్లు భవనాల శాఖల అధికారులు రైతులకు హెచ్చరికలు చేయడం, జరిమానాలు విధించడం జరుగుతూ ఉంటుంది. పొలం గట్టువద్దనే చక్రాలను విప్పి ట్రాలీపై తీసుకువెళ్ళడం దీనికి పరిష్కారం.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పి.ఎ. పల్లి మండలంలోనూ, అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలోనూ వ్యవసాయ కూలీలను తీసుకువెళ్తున్న ట్రాక్టర్లు కాలువలలో పడి పలువురు మహిళలు మరణించారు. ట్రాలీ సరుకు కోసం రూపొందించినది. ఎంత మంచి టైరైనా కాలువగట్టుపై మనుషులతో నిండిన ట్రాలీకి రక్షణ కల్పించలేదు.

చట్టం, ప్రమాణాలు

* కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం కార్ల టైరు గాళ్ళ లోతు 1.6 మి.మీ. కంటె తగ్గితే ఆ టైరు వాడకానికి పనికిరాదు. గాళ్ళ మధ్యలో ఉండే చిన్న దిమ్మెలు ఈ పరిమితిని సూచిస్తాయి. ట్రెడ్ అరిగి ఆ దిమ్మెలతో సమమైతే టైరు మార్చాలి. బురదకు పనికివచ్చే లోతు ఇంకా ముందే పోతుంది.
* 2009లో వెలువడిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ద్వారా మోటారు వాహనాల టైర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయబడింది.
* దొర్లుడు నిరోధం, తడిరోడ్డుపై పట్టు, శబ్దం అనే మూడు అంశాలపై కార్లు, బస్సులు, లారీల టైర్లకు కొత్త ప్రమాణాలు 2022 అక్టోబరు నుండి కొత్త నమూనాలకు, 2023 నుండి మిగిలినవాటికి వర్తింపజేయబడ్డాయి.

ఎంపిక క్రమం

ఒక నెలరోజుల ప్రయాణాన్ని కాగితంపై వ్రాసుకుంటే నిర్ణయం సులువవుతుంది.

1. పది కిలోమీటర్లలో తొమ్మిదికి పైగా తారురోడ్డే అయితే హెచ్.టి. టైరు, లేదా గాళ్ళు తక్కువగా ఉన్న ఏ.టి. టైరు.
2. ఏడెనిమిది తారురోడ్డు, మిగిలినది చల్క, మొరం బాటలు అయితే ఏ.టి. టైరు.
3. సగానికి పైగా రాళ్ళు, బురద అయితే పక్కగోడ బలంగా ఉన్న ఏ.టి. టైరు లేదా ఎం.టి. టైరు. తడిరోడ్డుపై వేగం తగ్గించుకోవాలి.
4. ఏడాదిలో రెండు మూడు వారాలు మాత్రమే బురద ఎదురైతే ఆ కొద్ది రోజులకోసం టైర్లన్నీ మార్చడం వ్యర్థం. తాడు, పార, గాలిపంపు వెంట ఉంచుకుంటే చాలు.

రెండు కొత్త టైర్లు మాత్రమే కొనగలిగినపుడు వాటిని వెనుక ఇరుసుకు అమర్చాలి. తడిరోడ్డుపై వెనుక చక్రాలు ముందుగా జారితే వాహనం గిరగిర తిరిగిపోతుంది, దానిని అదుపు చేయడం చాలా కష్టం. సుమారు 8,000 నుండి 10,000 కి.మీ.లకు ఒకసారి టైర్ల స్థానాలు మార్చితే అరుగుదల సమంగా ఉంటుంది. రీట్రేడ్ చేసిన టైర్లను లారీలు వెనుక చక్రాలకు వాడటం సాధారణం. జీపులు, కార్ల ముందు చక్రాలకు వాటిని వాడకపోవడం మంచిది.

పాత టైర్లు

తీసివేసిన టైర్లలో వాననీరు నిలిచి డెంగ్యూను వ్యాప్తిచేసే ఈడిస్ దోమలు పెరుగుతాయి. వాటిని కాల్చితే విషవాయువులు వెలువడుతాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం వ్యర్థ టైర్ల పునర్వినియోగ బాధ్యత తయారీదారులపై ఉంచబడింది. పాత టైరును ఇంటి వెనుక పడవేయకుండా, కొత్తవి కొన్న దుకాణంలోనే అప్పగించడం ఉత్తమం. పొలంలో బావిగట్టుకో, పశువుల తొట్టికో వాడుకొనేటపుడు నీరు నిలవకుండా అడుగున రంధ్రాలు చేయాలి.